తేలికైన గుడారం - గట్టి మేకు

ఉమర్ ఖయ్యాం పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. కాని ఖయ్యాం అనే మాటకు గుడారాలు కుట్టేవాడని అర్థమన్న సంగతి కొందరికే తెలిసి ఉండవచ్చు. ఉర్దూలో ఖైమా అన్నా, తెలుగులో గుడారం, డేరా, రావుటి అన్నా వస్తువు ఒక్కటే. మనిషి ఇల్లు విడిచి బయలుదేరినప్పుడు వెంట మోసుకుపోయే ఇల్లు అది. ఆ ఇంటిని ఎన్నుకోవడంలో చూపవలసిన వివేకాన్ని గూర్చి నా అభిప్రాయాన్ని ఈ వ్యాసంలో మనవి చేయదలచుకున్నాను.

ఈ ప్రసక్తి ఊరకే రాలేదు. వీపు సంచులు తగిలించుకొని కాలినడకన ఊళ్లను, అడవులను చూచి రావాలన్న ఉత్సాహం మన విద్యార్థులలో పెరుగుతున్నది. అది హర్షించదగిన విషయం. రామప్ప, లక్నవరం, తాడ్వాయి, మేడారం, బొగత మొదలైనవన్నీ మన ములుగు జిల్లాలోనే ఉన్నవి. ఇటువంటి పాదయాత్రల కొరకు కళాశాల తరఫున గుడారాలు కొనాలన్న ఆలోచన కమిటీ పెద్దల ముందున్నది. ఈ విషయంలో రెండు వాదాలు వినవస్తున్నవి. చౌకలో దొరికే గుడారాలను ఎక్కువ సంఖ్యలో కొంటే ఎక్కువమందికి అవకాశం దొరుకుతుందన్నది మొదటి వాదం. గాలికి ఆగాలంటే గుడారం బరువుగా, గుడ్డ దళసరిగా ఉండాలన్నది రెండవ వాదం. రెండూ సదుద్దేశంతో పుట్టినవే. అయినప్పటికీ నేను రెండింటితోనూ ఏకీభవించలేకున్నాను. సంఖ్యలో తక్కువైనా సరే, తేలికగా ఉండే మేలురకపు టన్నెల్ గుడారాలనే కొనాలి. మిగిలిన సొమ్మును, సమయాన్ని వాటిని గాలిలో నిలబెట్టే విద్య నేర్పడానికి వినియోగించాలి. ఇదీ నా వాదం.

టన్నెల్ గుడారమంటే సొరంగం ఆకారంలో ఉండే గుడారం. పేరు కొత్తదే కాని రూపం మనకు కొత్తది కాదు. వెనుకటి రోజుల్లో మేడారం జాతరకు పల్లెల నుండి కుటుంబాలు ఎడ్లబండ్ల మీద కదిలి వచ్చేవి. బండి మీద వెదురుబద్దలను విల్లులా వంచి కట్టి, వాటి మీద చాప గాని గుడ్డ గాని కప్పేవారు. ఆ గూడుబండిని, ఆ సవారి కచ్చరాన్ని మనసులో ఊహించుకుంటే టన్నెల్ గుడారం కళ్లకు కట్టినట్లే. రెండు గాని మూడు గాని సన్నని అల్యూమినియం కడ్డీలు ఒకదాని వెనుక ఒకటి విల్లులా వంగి నిలుస్తవి. వాటి మీద నైలాను గాని పాలియెస్టరు గాని పలుచని గుడ్డ సాగదీసి ఉంటుంది. రెండు చివరలను మేకులతో నేలకు బిగిస్తారు. గుమ్మటం ఆకారపు గుడారంలో కడ్డీలు ఒకదానినొకటి కత్తెరలా దాటుతవి. కనుక అది మేకులు లేకున్నా తనంత తాను నిలుస్తుంది. టన్నెల్ గుడారం అట్లా నిలువదు. రెండు చివరలా లాగి బిగిస్తేనే దానికి రూపం వస్తుంది.

ముందుగా గాలిని గూర్చి కొంత తెలుసుకోవాలి. గాలి వేగం రెండింతలైతే దాని తాకిడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు వైశాల్యం మీద సుమారు 4 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగిస్తుంది. వేగం 60 కిలోమీటర్లయితే ఆ ఒత్తిడి దాదాపు 17 కిలోలు. 90 కిలోమీటర్లయితే 38 కిలోలు. ఇద్దరు పడుకునే టన్నెల్ గుడారపు పక్క భాగం సుమారు రెండున్నర చదరపు మీటర్లు ఉంటుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల గాలి దానిని అడ్డంగా తాకితే 40 కిలోలకు పైగా ఒత్తిడి పడుతుంది. అదే గుడారాన్ని గాలికి ఎదురుగా, చివర భాగం గాలి వైపు ఉండేటట్లు నిలిపితే తాకిడికి గురయ్యే వైశాల్యం సగం కన్న తగ్గుతుంది. పైగా ఆ చివర ఏటవాలుగా వంగి ఉంటుంది కనుక గాలి దాని మీదుగా జారిపోతుంది. గుడారం అదే, గాలి అదే. కాని నిలిపిన దిక్కును బట్టి ఫలితం పూర్తిగా మారిపోతున్నది. ఇంత భేదం గుడ్డ మందాన్ని ఎంత పెంచినా రాదు.

బరువే బలమన్న భ్రమను తొలగించడానికి మన జిల్లాలోనే రెండు నిదర్శనాలున్నవి. మొదటిది రామప్ప గుడి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాని శిఖరాన్ని నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలతో కట్టారు. పునాదిలో ఇసుకను నింపి నేల కదలికను తట్టుకునే ఏర్పాటు చేశారు. అంటే ఆనాటి శిల్పులు పైన బరువు తగ్గించారు, కింద ఆధారాన్ని గట్టిపరిచారు. 2024 డిసెంబరు 4న ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించిన నాడు కూడా ఆ గుడి నిలిచే ఉన్నది.

రెండవ నిదర్శనం దుఃఖకరమైనది. 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలి వీచి సుమారు యాభై వేల చెట్లు నేలకూలినవి. తాడ్వాయి అడవిని ఎరిగినవారికి ఆ చెట్లు ఎంతటివో తెలుసు. ఒక్కొక్క మాను ఎన్నో టన్నుల బరువు తూగుతుంది. ఆ బరువు వాటిని కాపాడలేదు. తడిసి మెత్తబడిన నేలలో వేళ్లకు పట్టు తప్పితే ఎంత లావు చెట్టయినా నిలువదు. చెట్టుకు వేరు ఎటువంటిదో గుడారానికి మేకు అటువంటిది. నిలిపేది బరువు కాదు, పట్టు.

ఇక మోసేవాని వైపు నుండి ఆలోచిద్దాం. నడకకు వెళ్లేవాడు తన శరీరపు బరువులో అయిదవ వంతుకు మించి మోయరాదని అనుభవజ్ఞులు చెబుతారు. 55 కిలోల బరువున్న విద్యార్థి 11 కిలోలు మోయవచ్చునన్నమాట. మన వేడి ప్రాంతంలో మూడు నాలుగు లీటర్ల నీరు తప్పనిసరి. అదే మూడు నాలుగు కిలోలు. తిండి, బట్ట, పక్కగుడ్డ, మందులు పోగా గుడారానికి మిగిలేది ఎంత? ఇద్దరికి చాలే మంచి టన్నెల్ గుడారం రెండు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. కడ్డీలు, మేకులు ఒకరు, గుడ్డ మరొకరు పంచుకుంటే మనిషికి ఒక్క కిలో. పాతకాలపు కాన్వాసు గుడారం మోయడానికి బండి కావాలి. వానలో తడిస్తే దాని బరువు మరింత పెరుగుతుంది. బరువు మోసి అలసిపోయినవాడు సాయంత్రం మంచి చోటు వెదకడు, మేకు లోతుగా దిగగొట్టడు. దొరికిన చోటనే దొరికినట్లు పరచుకొని పడుకుంటాడు. ఆ అలసటలోనే అపాయం పొంచి ఉన్నది. తేలికదనం కేవలం సుఖం కొరకు కాదు, జాగ్రత్త కొరకు కూడా అని గ్రహించాలి.

అయితే తేలికైనదల్లా మేలైనది కాదు. చౌక గుడారాలలో కడ్డీలు ఫైబరుగ్లాసువి. బలమైన గాలికి అవి నిలువునా చీలి, మొనలు గుడ్డను చింపివేస్తవి. కొనేటప్పుడు కడ్డీలు మేలుజాతి అల్యూమినియంవి కావాలని, సుమారు 9 మిల్లీమీటర్ల లావు ఉండాలని పట్టుబట్టాలి. రెండు వంపుల దాని కన్న మూడు వంపుల గుడారం గాలికి ఎక్కువ ఆగుతుంది. ఎందుకనగా వంపుల మధ్య ఆధారం లేని గుడ్డ తగ్గుతుంది. ప్రతి వంపుకు రెండు పక్కలా బిగింపు తాళ్లు కట్టే చోట్లు ఉన్నవా అని చూడాలి. గుడ్డకు సిలికాను పూత ఉంటే చిరుగు త్వరగా సాగదు. నైలాను తడిస్తే వదులవుతుంది కనుక రాత్రి వాన పడితే తాళ్లను మరల బిగించుకోవాలి. పాలియెస్టరుకు ఆ బాధ తక్కువ. ఈ రెండు గుడ్డలూ ఎండకు క్షీణించేవే. మన ఎండలో పగలంతా గుడారాన్ని నిలిపి ఉంచితే దాని ఆయుష్షు తరుగుతుంది. తెల్లవారగానే విప్పి, ఆరబెట్టి, మడచి పెట్టుకోవాలి.

టన్నెల్ గుడారానికి లోపాలు లేవని నేను అనను. మంచు దాని నడినెత్తిన పేరుకుంటే ఆ బరువుకు కుంగుతుంది. అందుకనే ఎత్తైన పర్వతాల మీద తరచు గుమ్మటపు గుడారాలను వాడుతారు. ములుగులో మంచు పడదు కనుక ఆ లోపం మనకు లెక్కలోనిది కాదు. రెండవ లోపం మాత్రం మనకు లెక్కలోనిదే. గాలి దిక్కు మారితే టన్నెల్ గుడారపు బలహీనమైన పక్క బయటపడుతుంది. ఏప్రిల్, మే నెలలలో మన ప్రాంతంలో సాయంకాలాలు ఉరుములతో ఈదురుగాలి లేస్తుంది. అది ఒక దిక్కున మొదలై మరొక దిక్కుకు తిరుగుతుంది. కనుక గుమ్మటమే మేలు కదా అని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదంలో కొంత సత్యమున్నది. కాని అన్ని దిక్కుల గాలికీ ఆగే గట్టి గుమ్మటం టన్నెల్ కన్న బరువు, ధర కూడా హెచ్చు. చౌకగా దొరికే గుమ్మటం ఏ దిక్కు గాలికీ పూర్తిగా ఆగేది కాదు. తనంత తాను నిలుస్తుందన్న ధీమాతో చాలామంది దానికి మేకులే కొట్టరు. అటువంటి గుడారం గాలికి దొర్లిపోతుంది. టన్నెల్ గుడారం మేకు కొట్టనిదే లేవదు కనుక సోమరికి అది లొంగదు. దాని లోపమే ఒక విధంగా గురువు. పక్కతాళ్లన్నీ బిగించి, పొదల చాటు గాని గట్టు చాటు గాని చూచుకొని నిలిపితే మారిన గాలికి కూడా చాలవరకు ఆగుతుంది. అంతకు మించిన ఈదురుగాలికి, పిడుగులకు ఏ గుడారమూ రక్ష కాదు. ఆ సూచన ఉన్న రాత్రి బడిలోనో, పంచాయతీ భవనంలోనో తలదాచుకోవలసిందే.

మేకు కొట్టడం కూడా ఒక విద్యే. మొరం నేలలో సన్నని తీగ మేకులు వంగిపోతవి; అక్కడ మూడు అంచుల గట్టి మేకులు కావాలి. గోదావరి ఒడ్డున, వాగు ఇసుకలో ఏ మేకూ పట్టదు. అక్కడ చిన్న సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగు లోతున అడ్డంగా పాతిపెట్టాలి. బండరాతి మీద రాళ్లకు తాళ్లు చుట్టి బిగించాలి. మేకు తల గుడారానికి దూరంగా వాలి ఉండాలి. నిలిపేటప్పుడు గుడ్డను నేలమీద పరచి, గాలి వచ్చే వైపు చివరను ముందుగా మేకులతో బిగించి, పిదప కడ్డీలు దూర్చి, రెండవ చివరను లాగి లేపాలి. గుమ్మం గాలి చాటు వైపు ఉండాలి. విప్పేటప్పుడు ఈ క్రమాన్ని తలకిందులు చేయాలి. గాలి వైపు మేకును అన్నింటికన్న చివర పీకాలి.

ఈ వరుస తప్పితే ఏమవుతుందని అడిగేవారికి చరిత్ర సమాధానం చెబుతుంది. 1911 జూలైలో దక్షిణ ధ్రువ ఖండంలో స్కాట్ బృందానికి చెందిన విల్సన్, బోవర్స్, చెరీ గెరార్డ్ అనే ముగ్గురు పెంగ్విన్ గుడ్ల కొరకు కేప్ క్రోజియర్‌కు వెళ్లారు. నడి శీతాకాలపు చీకటిలో పెనుతుపాను వారి గుడారాన్ని ఎగరగొట్టింది. ఆ చలిలో గుడారం లేదంటే తిరిగి బ్రతికి రావడం కల్ల. తుపాను తగ్గిన తరువాత వాలు దిగువన అది పడి ఉండగా దొరికింది, ముగ్గురూ బ్రతికారు. ఆ పిమ్మట బోవర్స్ గుడారాన్ని తాడుతో తనకు కట్టుకొని పడుకున్నాడు. గుడారం విలువ ఎంతటిదో ఆయనకు తెలిసినట్లు మరెవ్వరికీ తెలియదు. ఒంటెను కట్టివేసిన తరువాతనే భారం దైవం మీద వేయాలన్న బోధను మనలో వినని వారుండరు. మేకు కొట్టకుండా దేవుణ్ణి తలచుకొని పడుకోవడం విశ్వాసం కాదు, అలసత్వం.

గాలితో పాటు తలచుకోవలసిన మరొక శత్రువు నిప్పు. 1997 ఏప్రిల్ 15న హజ్ సమయంలో మినా మైదానంలోని గుడారాలకు నిప్పంటుకున్నది. బలమైన గాలి తోడై వేల గుడారాలను దహించింది. అధికారిక లెక్క ప్రకారమే 343 మంది యాత్రికులు అసువులు బాశారు. ఆ తరువాత అక్కడ టెఫ్లాను పూతతో మంటకు తట్టుకునే ఫైబరుగ్లాసు వస్త్రపు గుడారాలను నిర్మించారు. గుడారాలలో గ్యాసు పొయ్యిలను నిషేధించారు. మన తేలిక గుడారాల నైలానుకు ఆ గుణం లేదు. నిప్పు తగిలితే కరిగి మీద పడుతుంది. కనుక గుడారం లోపల గాని, గుమ్మం ముందు గాని పొయ్యి వెలిగించరాదు. వేసవిలో ఎండుటాకులు పరచుకున్న టేకు అడవిలో అసలు నిప్పే రాజేయరాదు. అభయారణ్యంలో బస చేయడానికి అటవీశాఖ అనుమతి తీసుకోవడం మన విధి.

గుడారం ఎంత మంచిదైనా చోటు చెడ్డదైతే వృథా. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటలలో మన జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామంలో ప్రాణనష్టం జరిగింది. అంతకు ఒకరోజు ముందు ముత్యాలధార జలపాతం చూడబోయిన ఎనభై మంది దాకా సందర్శకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోగా ఎన్.డి.ఆర్.ఎఫ్. బలగాలు వెళ్లి వారిని కాపాడినవి. వాగు ఒడ్డున, జలపాతం దిగువన, ఎండుకొమ్మలున్న చెట్టు కింద, చెరువు కట్ట నెత్తిన గుడారం వేయరాదు. ఎక్కడ వేయాలో తెలియనప్పుడు సమీపంలోని కోయ గూడెంలో పెద్దలను అడగాలి. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ గట్టున గాలి కొడుతుందో వారికి తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు. వాతావరణశాఖ హెచ్చరిక ఉన్ననాడు యాత్రను మానుకోవడం పిరికితనం కాదు.

శిక్షణకు వెచ్చించే సొమ్ము వృథా అనుకునేవారికి మాలావత్ పూర్ణను గుర్తు చేస్తాను. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన ఆ గిరిజన బాలిక 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ ఆమెతో పాటు శిఖరం చేరాడు. వారిద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాలలో చదివిన పేదబిడ్డలు. వారిని శిఖరానికి చేర్చినది ఖరీదైన సామాగ్రి ఒక్కటే కాదు. భువనగిరి గుట్ట మీద మొదలైన ఓపికగల సాధన.

కనుక కమిటీ పెద్దలకు నా మనవి ఇది. ఇరవై చౌక గుడారాలకు బదులు ఆరో ఏడో మంచి టన్నెల్ గుడారాలు కొనండి. మొరం నేలకు, ఇసుక నేలకు వేరువేరు మేకులు, అదనపు తాళ్లు, విరిగిన కడ్డీకి అతుకు వేసే గొట్టం ప్రతి గుడారంతోనూ ఇప్పించండి. గాలి వీచే రోజున కళాశాల మైదానంలో విద్యార్థులచేత గుడారాలు నిలిపించి, విప్పించి చూడండి. చీకటిలో, మాట సాయం లేకుండా నిలపగలిగిన జట్టునే అడవికి పంపండి. సంఖ్య తక్కువైతే జట్లు వంతుల వారీగా వెళ్లి వస్తవి. ఒక నెల ఆలస్యమైనంత మాత్రాన అడవి ఎక్కడికీ పోదు. కాని ఒక తల్లి మన మీద నమ్మకంతో పంపిన బిడ్డకు అపాయం జరిగితే, ధర తక్కువని కొన్నామన్న సమాధానం ఆమె ముందు చెల్లదు.

విద్యార్థి మిత్రులకు చెప్పదలచినది ఒక్కటే. గుడారాన్ని కళాశాల కొనిపెడుతుంది. మేకును మాత్రం మీ చేతులే కొట్టాలి. గాలి ఏ వైపు నుండి వస్తున్నదో చూచి, చివరను దానికి ఎదురుగా తిప్పి, గట్టిగా బిగించి, ఆ పిమ్మట నిశ్చింతగా నిద్రపోండి.